కాటా గది

జూన్ నెలలో చిత్తూరు రోడ్లన్నీ తోతాపురి వాసన.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు నుంచి బైపాసు దాకా ట్రాక్టర్లు.
రాత్రి పది నుంచి ఆరు దాకా
కాటా గదిలో నేను.
బండి ఎక్కుతుంది, అంకె వణుకుతుంది, నిలబడుతుంది.
నిలబడ్డాక మీట నొక్కుతాను.
బండికీ బండికీ మధ్య నాలుగు నిమిషాలు,
నాలుగు నిమిషాలకి రెండు లెక్కలు.

పరీక్ష పేరు క్యాట్ అంటే
మా అమ్మకి కాటా అని వినిపించింది.
"కాటా పని చేస్తానే ఉండావు గదా,
మళ్ళా కాటా పరీక్ష ఏందిమే?"

పుస్తకం తిరుపతిలో కొన్నాను, బస్టాండు ఎదురుగా,
పాతది, నూట ఎనభైకి.
ముందెవరో పెన్సిల్‌తో జవాబులన్నీ గుర్తు పెట్టేశారు.
చెరపడానికి వారం పట్టింది.
నూట పన్నెండో పేజీ తర్వాత
చెరపాల్సిందేమీ లేదు.
అక్కడ ఆగిన మనిషికి
ఉద్యోగమొచ్చిందో, జ్వరమొచ్చిందో, విసుగే వచ్చిందో.
నూట పదమూడు మొదలుపెట్టిన రాత్రి
కాస్త భయమేసింది,
చీకట్లో ముందు నడిచే టార్చిలైటు ఆరిపోయినట్టు.

కోచింగ్‌కి డెబ్బై వేలంట.
"చెప్పేవాళ్ళు లేకుండా యెట్ట నేర్చుకుంటావే?"
అంది మా అక్క హంసవేణి.
తప్పు చేసి, అన్నాను.
మళ్ళీ అదే తప్పు చేసి.
మూడోసారి దాని గుమ్మం దాకా వెళ్ళి, ఆగి.

ఇంగ్లీషు పేరాలు మాత్రం లొంగవు.
ఒకదాంట్లో ఆర్బిట్రేజ్ అని తగిలింది.
డిక్షనరీ మూడుసార్లు తిరగేసినా బుర్రకెక్కలేదు.
ఆ రాత్రే దళారి దొరస్వామి
కిటికీ పక్కన బీడీ ముట్టించి
పొద్దున దామలచెరువులో ఎంతకి ఎత్తాడో
రాత్రికి కృష్ణగిరిలో ఎంతకి దించాడో
వాచ్‌మన్‌కి గొప్పలు చెప్పుకుంటున్నాడు.
పేజీ అంచున రాసుకున్నాను: దొరస్వామి.

రెండు వందల ఆరో పేజీ. లాభనష్టాలు. పద్నాలుగో లెక్క.
వర్తకుడొకడు కొన్న ధరకే అమ్ముతానంటాడు,
కిలో రాయికి బదులు
తొమ్మిది వందల గ్రాముల రాయి వేస్తాడు.
అతని లాభ శాతమెంత?
పదకొండు, ఆపైన ఒకటి బై తొమ్మిది.
ఇరవై సెకన్లు! కాగితమే అక్కర్లేదు.
సంబరంగా తలెత్తితే
కిటికీ అవతల యాదమరి మునిచెంగయ్య,
రెండు రోజులుగా క్యూలో ఉన్న మనిషి,
కనుబొమల మీద దుమ్ము.
"ఎంత చూపిచ్చిందమ్మా?"

కాయ బరువు నాలుగు వేల ఐదు వందలు.
టన్నుకి ఎనభై కిలోలు తరుగు, పైవాళ్ళ మాట.
కొట్టేది నా వేళ్ళు.
నాలుగు వేల నూట నలభై.

"కుళ్ళింది ఒగటి లేదు మా, మచ్చకాయ గూడా ఏరేసినా."
"అందరికీ అంతే, పెద్దాయనా."

ఆ వర్తకుడి దగ్గర
కాటా రాసే పిల్ల ఒకతి ఉంటుందని
పుస్తకంలో లేదు.
నాలుగు ఆప్షన్లలోనూ ఆమె లేదు.

ఏం తోచిందో, చీటీ వెనక రాసిచ్చాను:
పోయింది మూడు వందల అరవై కిలోలు,
కిలో ఆరు లెక్కన రెండు వేల నూట అరవై.
ఆయన చదవలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.
"ఇది నేను ఇంటికాడే వేసుకోనొచ్చినా మా,
కాయ కోయక ముందే."

నాలుగింటికి క్యూలో అందరూ నిద్ర.
పుస్తకం చంకన పెట్టుకుని
కాటా పలక మీదికెక్కి నిలబడ్డాను.
బయటి బోర్డు మీద ఎర్రగా, యాభై.
పుస్తకం గట్టు మీద పెట్టి మళ్ళీ ఎక్కాను.
యాభై.
పది కిలోల లోపు తేడా ఈ కాటాకి ఆనదు.
చదివింది, చెరిపింది, మునిచెంగయ్య జేబులో చీటీ,
ఏదీ ఆనదు.

హారన్ కొట్టాడెవరో.
"దిగు మే, బండెక్కాల!"
దిగాను.
పదిహేనో లెక్క కూడా ఆ వర్తకుడిదే,
ఈసారి కొనేటప్పుడు కూడా మోసం చేస్తాడు.